నాలుగో సంచిక తరవాత కూడా: కాలనీ పత్రికను నడపడం, చదివించడం

అపార్ట్‌మెంట్లో గానీ కాలనీలో గానీ పత్రిక మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. ఉగాదికో ఆగస్టు పదిహేనుకో నలుగురు కూర్చుంటే మొదటి సంచిక వచ్చేస్తుంది. రెండోది కాస్త ఆలస్యంగా వస్తుంది. మూడోదాంట్లో సగం పేజీలు ఫార్వర్డుగా వచ్చిన సూక్తులతో, ఆరోగ్య చిట్కాలతో నిండుతాయి. నాలుగోది రాదు. రాసేవాళ్లు దొరకలేదని నిర్వాహకులు అంటారు గానీ, అసలు సంగతి వేరే ఉంటుంది. రాసినవాళ్లకు అచ్చయ్యాక ఒక్క మాట కూడా తిరిగి రాలేదు. సలహా పంపినవాళ్లకు అందిందని చెప్పిన దిక్కు లేదు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఎవరూ కలం పట్టరు. కాబట్టి పత్రిక నడపడమంటే ముందుగా జవాబిచ్చే అలవాటు చేసుకోవడం. కాగితం, ఫాంటు, ప్రెస్సు అన్నీ దాని తరవాతే.

ఇక్కడ హైదరాబాద్ కాలనీల కోసం చెప్పే లెక్కలన్నీ 100 నుంచి 150 ఇళ్లకు సరిపోతాయి. కూకట్‌పల్లిలో గేటెడ్ కమ్యూనిటీ అయినా, మలక్‌పేటలో పాత కాలనీ అయినా, నల్లకుంటలో నాలుగు గల్లీలైనా పద్ధతి ఒకటే.

మొదటి సంచికకు ముందు

సంపాదకుడు ఒక్కరే ఉండాలి, ఆయన గానీ ఆవిడ గానీ అసోసియేషన్‌లో సెక్రటరీ, ట్రెజరర్ కాకూడదు. ఇది మొహమాటం లేకుండా మొదటిరోజే తేల్చుకోవాలి. కమిటీ చేతిలో పత్రిక ఉంటే అది సర్క్యులర్‌లా తయారవుతుంది. సర్క్యులర్‌ను జనం మడిచి ఫ్రిజ్ మీద పెడతారు, చదవరు. కమిటీకి ఒక పేజీ ఇవ్వండి, అందులో వాళ్ల ప్రకటనలు వాళ్ల పేరుతోనే రానివ్వండి. మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్ల జాబితా మాత్రం ఎవరడిగినా వేయకండి. ఒక్కసారి వేస్తే ఆ ఇళ్లలో ఇక పత్రిక తెరవరు, వాళ్లతో స్నేహంగా ఉండే ఇళ్లలోనూ తెరవరు.

సంపాదకుడితో పాటు ముగ్గురు చాలు: ఒకరు ఇళ్లకు తిరిగి సమాచారం తెచ్చేవారు, ఒకరు పేజీలు కట్టేవారు, ఒకరు ప్రూఫు చూసేవారు. ప్రూఫు చూసేవారు రచన ఎడిట్ చేసినవారు కాకూడదు. తాను దిద్దిన వాక్యంలో తప్పు తనకు కనిపించదు.

చట్టం సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. 1867 నాటి పాత చట్టం స్థానంలో పత్రికల రిజిస్ట్రేషన్‌కు 2023లో కొత్త చట్టం చేశారు, అది 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ప్రజలకు సంబంధించిన వార్తలు గానీ, వాటి మీద వ్యాఖ్యలు గానీ వేస్తూ క్రమం తప్పకుండా అచ్చయ్యే ప్రచురణ ఏదైనా దాని కిందికి వస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ప్రెస్ సేవా పోర్టల్ ద్వారా చేసుకోవాలి. మీ గేటు లోపలి సంగతులకే పరిమితమైన సమాచార పత్రం వేరు, నగర రాజకీయాల మీద సంపాదకీయాలు రాసే మాసపత్రిక వేరు. ఏది నడపబోతున్నారో నిర్ణయించుకుని, రెండోదైతే రిజిస్ట్రేషన్ అయ్యాకే అచ్చు వేయండి. తెలుగులో దేశంలో ఎక్కడైనా ఉన్న పేరును గానీ, మన రాష్ట్రంలో ఏ భాషలోనైనా ఉన్న పేరును గానీ పోలిన పేరు ఇవ్వరు కాబట్టి నాలుగైదు పేర్లు అనుకుని ఉంచుకోవాలి. ఏ రకమైనా సరే, ప్రచురించేవారు, సంపాదకులు, అచ్చు వేసిన ప్రెస్సు పేర్లు, ఊరు ప్రతి సంచికలో స్పష్టంగా వేయండి.

ఎన్ని పేజీలు, ఏ సైజు

మొదలుపెట్టేవాళ్లకు ఏ5 సైజులో 8 పేజీలు సరైన కొలత. రెండు ఏ4 కాగితాలను రెండువైపులా అచ్చు వేసి, మధ్యకు మడిచి, రెండు పిన్నులు కొడితే పుస్తకం తయారు. పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగించబడాలి. విషయం పెరిగిందని 10 పేజీలు చేస్తే రెండు పేజీలు ఖాళీగా మిగులుతాయి, లేదా విడి కాగితం ఒకటి జారిపోతుంటుంది. 12 పాయింట్ల అక్షరంతో ఏ5 పేజీలో 170 నుంచి 200 తెలుగు మాటలు పడతాయి. అంటే బొమ్మలు, శీర్షికలు పోను సంచిక మొత్తానికి 1,100 మాటలు. ఈ లెక్క ముందే తెలిస్తే ఎవరికి ఎన్ని మాటలు అడగాలో తెలుస్తుంది. తెలియకపోతే ఒకాయన తన కాశీయాత్ర మీద 3,000 మాటలు తెచ్చి ఇస్తారు. కోస్తే కోపం, కోయకపోతే మిగతావాళ్లకు చోటుండదు.

పేజీల అమరిక తెలిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. 8 పేజీల పుస్తకంలో బయటి కాగితానికి ఒకవైపు 8, 1 పేజీలు పడతాయి, వెనకవైపు 2, 7 పడతాయి. లోపలి కాగితానికి ఒకవైపు 6, 3, రెండోవైపు 4, 5. ముఖచిత్రం, వెనక అట్ట ఒకేవైపు ఉన్నాయి కాబట్టి రంగు అచ్చు ఆ ఒక్కవైపుకే చెప్పండి. రంగు ఫొటో 3వ పేజీలో పెడితే ఇంకో వైపు మొత్తానికి రంగు ధర కట్టాలి. ఎదురెదురుగా ఉన్నా నిజంగా ఒకే కాగితం మీద ఉండేవి 4, 5 పేజీలే. పెద్ద బొమ్మ గానీ కాలనీ మ్యాపు గానీ రెండు పేజీలకు పరచాలంటే అక్కడే వేయాలి.

130 ఇళ్లకు 150 కాపీలు వేయించండి. మిగతా 20 కిరాణా కొట్టుకు, ఇస్త్రీ బండికి, పిల్లల ట్యూషన్లకు, దాచుకునే ఫైలుకు. 150 కాపీలకు 300 కాగితాలు, వేస్టు కలిపి 320. ఇంత తక్కువ సంఖ్యకు ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేయించి వేసే అచ్చు) గిట్టుబాటు కాదు, ఎందుకంటే 100 కాపీలు వేసినా 1,000 వేసినా ప్లేట్ల ఖర్చు ఒకటే. 500 దాటేవరకు జిరాక్సు గానీ డిజిటల్ ప్రింటు గానీ మేలు. అశోక్‌నగర్, అమీర్‌పేట జిరాక్సు షాపులు కోచింగ్ నోట్సులు రాశులుగా వేస్తుంటాయి కాబట్టి పేజీ ధర అక్కడ తక్కువకు మాట్లాడుకోవచ్చు. కాగితం 80 జీఎస్సెమ్ (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) అడగండి. 70 అయితే వెనక అక్షరాలు ఇవతలికి కనిపించి పెద్దవాళ్ల కళ్లకు ఇబ్బంది. రెండువైపులా అచ్చు వేసేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పమని చెప్పి, ముందు ఒక్క కాపీ తీయించి మడిచి చూడండి. పొడవు అంచు మీద తిప్పితే వెనక పేజీ తలకిందులవుతుంది. 150 కాపీలూ అయ్యాక చూసి లాభం లేదు.

ఏం రాయాలి

పాఠకుడు ఇంకెక్కడా చదవలేనిదే మీ పత్రికకు విషయం. నీటి ఆదా ఎంత అవసరమో దినపత్రికలు రాస్తాయి. మీ సంపులోకి కార్పొరేషన్ నీళ్లు ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వస్తున్నాయో, వేసవిలో నెలకు ఎన్ని ట్యాంకర్లు తెప్పించారో, ఒక్కోదానికి ఎంత కట్టారో మీరు తప్ప ఎవరూ రాయరు. వాచ్‌మన్ దగ్గర ట్యాంకర్ల పుస్తకం ఉంటుంది. మార్చి నుంచి మే దాకా లెక్క తీసి ఒక చిన్న పట్టికగా వేస్తే ఆ పేజీని ఇంటింటా చదువుతారు. దాని పక్కనే ఒక నీటి బిల్లు నమూనాగా వేసి ఏ గడి ఏమిటో రాయండి. 2021 జనవరిలో మొదలైన నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం తమ బిల్లులో ఎక్కడ కనిపిస్తుందో చాలా ఇళ్లలో తెలియదు.

సాధారణ విషయమైనా స్థలం, కారణం చేర్చితే చదువుతారు. ‘వర్షాకాలంలో జాగ్రత్తలు’ అన్న వ్యాసాన్ని ఎవరూ ముట్టుకోరు. బి బ్లాకు వెనక జనరేటర్ పక్కన, మూడో అంతస్తు డక్టులో, పార్కులో విరిగిన ఊయల గుంటలో నీళ్లు నిలుస్తున్నాయని ఫొటోలతో రాయండి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ నిలవ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుందని, గుడ్డు నుంచి ఎగిరే దోమ అయ్యేసరికి వారం పది రోజులు పడుతుందని, అందుకే వారానికో రోజు కూలర్ ట్రేలు, కుండీల కింది పళ్లేలు పారబోయాలని చెప్పండి. పారబోస్తే చాలదు, గుడ్లు గోడకు అతుక్కుని ఉంటాయి కాబట్టి తోమాలి. ‘ఎందుకు’ అన్నది తెలిసినవాళ్లే ఆ పని చేస్తారు.

నెలనెలా ఏం వేయాలో సంవత్సరం మొదట్లోనే రాసి పెట్టుకోవాలి. హైదరాబాద్ సంవత్సరానికి తన లయ ఉంది, పత్రిక దానికి ఒక నెల ముందు నడవాలి. నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) జనవరి 1న మొదలవుతుంది, కాబట్టి అక్కడికి మెట్రోలో ఎలా వెళ్లాలి, పిల్లలను తీసుకుపోతే ఏ వేళ మంచిది అన్నది డిసెంబరు సంచికలో రావాలి. ఆస్తిపన్ను ఏప్రిల్‌లో కట్టినవాళ్లకు 5 శాతం తగ్గింపు ఇస్తుంటారు, ఆ సంగతి మార్చి సంచికలోనే ఉండాలి. బడులు తెరిచేది జూన్‌లో, పాత పుస్తకాల మార్పిడి ప్రకటన మే సంచికకు. ఆషాఢంలో బోనాలు గోల్కొండతో మొదలై, సికింద్రాబాద్, లాల్‌దర్వాజల మీదుగా నెలంతా సాగుతాయి, ఏ ఆదివారం ఏ రోడ్డు మూస్తారో ముందే తెలిస్తే ఆ రోజు ఆసుపత్రికి పోవలసినవాళ్లకు ఎంత మేలు! బతుకమ్మ అయిపోయాక బతుకమ్మ వ్యాసం వేస్తే అది ఫొటో ఆల్బమ్‌కు పనికొస్తుంది గానీ ఎవరి చేతా తంగేడు పువ్వు తెప్పించదు.

ఒక పెట్టెలో మారని సమాచారం ప్రతి సంచికలో అదే చోట ఉంచండి: నీటిబోర్డు 155313, కరెంటు ఫిర్యాదులు 1912, లిఫ్టు మెకానిక్, గ్యాసు డెలివరీ రోజులు. కాలనీలో పనిచేసే మనుషుల సొంత నంబర్లు వేసే ముందు వాళ్ల అనుమతి అడగాలి. ఏ ఇంటివాళ్లు ఏ తేదీన ఊరెళ్తున్నారో మాత్రం ఎంత మంచి వార్త అయినా ముందుగా వేయకండి. అమెరికా ప్రయాణం కబురు వాళ్లు తిరిగొచ్చాక వేస్తే సరిపోతుంది. పిల్లల ఫొటోకు తల్లో తండ్రో ఒప్పుకోవాలి, పేరు వేసినచోట ఫ్లాట్ నంబరు వద్దు.

పాఠకుల చేత రాయించడం

‘మీ అభిప్రాయాలు, రచనలు పంపగలరు’ అన్న వాక్యానికి ఇంతవరకు ఎవరూ ఏమీ పంపలేదంటే ఆశ్చర్యం లేదు. అది ఎవరినీ అడగడం లేదు, ఏదీ అడగడం లేదు. అడగడం ఎలాగో చూపించిన మంచి ఉదాహరణ ఈ ఊళ్లోనే ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే, 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగి ఊరుకోలేదు. కవిత్వం పంపమని పిలుపిచ్చారు. 1934లో వచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కనిపించారు. ఏం కావాలో తేటగా అడిగారు, వచ్చినదానికి చోటిచ్చారు. కాలనీ పత్రికకైనా ఇంతకు మించిన కిటుకు లేదు.

మంచి ప్రశ్నకు నాలుగు గుణాలుండాలి. రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలగాలి. జవాబు వాళ్ల ఇంట్లోనే, వాళ్ల జ్ఞాపకంలోనే ఉండాలి. తప్పో ఒప్పో అన్న భయం ఉండకూడదు. పేరుతో అచ్చయితే వాళ్లకు సంతోషం కలగాలి. ‘పర్యావరణ పరిరక్షణపై మీ అభిప్రాయం?’ అని అడిగితే ఒక్క రిటైర్డ్ లెక్చరర్ రాస్తారు. ‘మీరు హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఏ గల్లీలో అద్దెకు దిగారు, అద్దె ఎంత?’ అని అడగండి. శ్రీకాకుళం నుంచి వచ్చిన వాచ్‌మన్ భార్య, పాలమూరు మేస్త్రి, బ్యాంకులో రిటైరైన పెద్దాయన, పుట్టి పెరిగింది ఇక్కడే అనే యాకుత్‌పురా అమ్మ, అందరి దగ్గరా జవాబుంటుంది. ‘పచ్చడి మామిడికాయ ఎక్కడ తెచ్చి ఎక్కడ కొట్టిస్తారు?’, ‘మీ ఊళ్లో బతుకమ్మకు ఏ పువ్వు ఎక్కువ?’, ‘మన గేటు దగ్గర ఒక్కటి మార్చమంటే ఏది మారుస్తారు?’ ఇలాంటివి పనిచేస్తాయి.

ప్రశ్నను వాట్సాప్ గ్రూపులో వేయకండి. మొదటి ముగ్గురు చెప్పినదే మిగతావాళ్లు ఒక బొటనవేలు బొమ్మతో ఒప్పేసుకుంటారు, ఆ తరవాత గుడ్ మార్నింగులు వచ్చి అదంతా పైకి పోతుంది. ఒక్కొక్కరికి విడిగా పంపాలి. పంపేటప్పుడు పేరుపెట్టి పిలవాలి: ‘లక్ష్మి అక్కా, వచ్చే సంచికకు పదిమంది మాటలు వేస్తున్నాం, మీది కావాలి.’ తెలుగు టైపు చేయడం రానివాళ్లను నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టమనండి. విని రాసుకునే పని మీది. ఫోను వాడనివాళ్ల కోసం లిఫ్టు పక్కన డబ్బా ఒకటి, అందులో ప్రశ్న అచ్చువేసిన చీటీలు, దారం కట్టిన పెన్సిలు. మొదటి రెండు సంచికలకు మాత్రం తలుపు తట్టక తప్పదు. పదిహేను ఇళ్లకు వెళితే పది జవాబులైనా తెచ్చుకోవచ్చు, ఆ పది అచ్చులో చూశాక మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది.

వచ్చిన జవాబులన్నిటికీ చోటుండాలి. బాగున్న ఆరింటిని నిండుగా వేసి, మిగతావాటిని ఒక్కో వాక్యంగానైనా పేరుతో వేయండి. ఒక్కరిని వదిలేసినా ఆ ఇల్లు పోయినట్టే. పేరు ఎలా రాయాలో వాళ్లనే అడగాలి. లక్ష్మి, లక్ష్మీ వేరు, రెహమాన్, రహ్మాన్ వేరు. అచ్చులో తన పేరు తప్పుగా చూసుకున్న మనిషి ఆ సంచికలో ఇంకేదీ చూడరు.

భాషను దిద్దడంలో చెయ్యి తేలికగా ఉండాలి. ‘ఈసారి మస్తు నీళ్లొచ్చినయి, మోటరు ఆపుడే మర్చిపోతున్రు’ అని ఒకామె పంపితే దాన్ని ‘ఈసారి నీరు పుష్కలంగా లభించింది’ అని మార్చేస్తే ఆమె అక్కడ లేనట్టే. అక్షరదోషాలు సరిచేయండి, ఎవరి యాస వాళ్లకు ఉండనివ్వండి. గుంటూరు మాట, కరీంనగర్ మాట, దక్కనీ ఉర్దూ కలిసిన పాతబస్తీ మాట ఒకే పేజీలో పక్కపక్కన ఉంటే అంతకంటే అందమైన పేజీ మీ పత్రికలో ఉండదు.

రచన వెనక్కి పంపవలసి వస్తే మూడు రోజుల్లో పంపండి, కారణంతో. ‘చూద్దాం అండీ’ అని నెలలు గడపడం కంటే ‘ఇది 900 మాటలుంది, మనకు 200కే చోటుంది, మీ పెళ్లినాటి బస్సు ప్రయాణం ముక్క ఒక్కటి వేసుకుంటాం, ఒప్పుకుంటారా?’ అని అడిగితే ఎవరూ నొచ్చుకోరు. మూడోవంతుకు మించి కోస్తే అచ్చుకు ముందు వాళ్లకు చూపించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది రెండో పేజీ. దాన్ని శాశ్వతంగా జవాబులకు కేటాయించండి. కిందటి సంచికలో ఎవరేం అడిగారు, దానికి ఏమైంది. ‘సి బ్లాకు మెట్ల దగ్గర లైటు లేదని సరోజ గారు రాశారు. 12వ తేదీన వేశారు.’ లేదా ‘కమిటీని అడిగాం, వచ్చే నెల బడ్జెట్‌లో పెడతామన్నారు, మళ్లీ అడిగి చెబుతాం.’ పని కాకపోయినా ఫరవాలేదు, అడిగారన్నది కనిపించాలి, వచ్చే సంచికలో నిజంగానే మళ్లీ చెప్పాలి. పత్రికలో పడ్డ తప్పులకు సవరణ కూడా ఇదే పేజీలో, ప్రతిసారీ అదే చోట. తప్పు ఏమిటో, సరైనది ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పి, దానికి సాకులు చేర్చకండి.

తగాదాలు

పార్కింగ్, కుక్కలు, బ్యాచిలర్లకు అద్దె, పైఅంతస్తులో పిల్లల గంతులు. వీటి మీద ఉత్తరాలు వస్తాయి, రావడం మంచిదే. కొన్ని నియమాలు పెట్టుకుంటే వీటితో పత్రికకు బలమే. పేరు లేని ఉత్తరం వేయవద్దు. పేరు సంపాదకుడికి తెలిసి, కారణం సరైనదైతే అచ్చులో పేరు దాచవచ్చు. ఫిర్యాదు పని మీద ఉండాలి, మనిషి మీద కాదు. ‘304 వాళ్ల కుక్క’ అని వేయకూడదు, ‘లిఫ్టులో కుక్కలను తీసుకెళ్లేటప్పుడు’ అని వేయాలి. అవతలివాళ్లను అచ్చుకు ముందే కలిసి వాళ్ల మాట తీసుకుని, అదే సంచికలో, అంతే చోటులో వేయాలి. ఒక సంచికలో ఒకరిది, తరవాతి సంచికలో ఇంకొకరిది వేస్తే నడుమ నెలరోజులు కారిడార్లలో యుద్ధమే. ఒక వివాదానికి రెండు సంచికలు చాలు, తరవాత ‘ఈ చర్చ ఇంతటితో ఆపుతున్నాం’ అని రాసి ఆపండి.

పేజీలు కట్టడం, ప్రూఫు

చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా ‘అను’ అనే పాత తరహా ఫాంట్లతోనే పని నడుస్తుంది. వాట్సాప్‌లో వచ్చే తెలుగు యూనికోడ్, అంటే ఫోన్లు, కంప్యూటర్లు అన్నిటికీ ఉమ్మడిగా ఉండే లిపి పద్ధతి. దాన్ని అలాగే అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, కన్వర్టర్‌లో వేస్తే కొన్ని ఒత్తులు చెదురుతాయి. ‘అపార్ట్‌మెంట్’ లాంటి మాటల్లో పొల్లు పోయి అక్షరాలు అతుక్కుపోతుంటాయి. వీలైతే మొత్తం యూనికోడ్‌లోనే చేయించండి. మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వ్యాసానికి మండలి, శీర్షికకు రామభద్ర బాగుంటాయి. సొంతంగా చేసుకునేవాళ్లకు లిబ్రెఆఫీస్ రైటర్ సాఫ్ట్‌వేర్ చాలు. ఇన్‌డిజైన్‌లో (పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) చేసేవాళ్లు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఎందులో చేసినా ప్రెస్సుకు ఫాంట్లు లోపలే పొదిగిన (ఎంబెడ్ చేసిన) పీడీఎఫ్ మాత్రమే ఇవ్వాలి. వర్డ్ ఫైలు ఇస్తే షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉండదు, ఇంకేదో ఫాంటులో పేజీలన్నీ జరిగిపోతాయి.

తెలుగుకు పైన గుణింతం, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి 12 పాయింట్ల అక్షరానికి వరుసల దూరం 17, 18 పాయింట్లు ఉండాలి. చోటు కోసం దీన్ని తగ్గించకండి, ఒక పేరా తీసేయండి. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతాయి, డాక్యుమెంటుగా పంపమనాలి. ఏ5 పేజీ నిండా ఫొటో రావాలంటే వెడల్పు 1,750 పిక్సెళ్లయినా ఉండాలి.

ప్రూఫు తెర మీద చూడవద్దు, కాగితం మీద తీసి చూడండి. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు అసలు ప్రతితో పోల్చాలి. ముందు శీర్షికలు, పేర్లు, తేదీలు, ఫోను నంబర్లు విడిగా చూడాలి. పెద్ద అక్షరాల్లో తప్పు ఎవరికీ కనిపించదు, అచ్చయ్యాక అందరికీ కనిపిస్తుంది. అచ్చు వేస్తున్న ప్రతి నంబరుకూ ఒకసారి ఫోను చేసి చూడండి. తేదీ పక్కన వారం వేస్తే క్యాలెండర్‌తో సరిచూడండి.

తేదీ తప్పకూడదు

నెలలో రెండో ఆదివారం పంచేలా పెట్టుకుంటే నడపడం సులువు. దానికి మూడు వారాల ముందు ఆదివారం ప్రశ్న ఇళ్లకు వెళ్లాలి. రెండు వారాల ముందు ఆదివారంతో గడువు ముగియాలి. వారం ముందు ఆదివారం ప్రూఫు. మంగళవారం ప్రెస్సుకు, శుక్రవారానికి కాపీలు చేతికి. శనివారం మడత, పిన్నులు. డిసెంబరులో క్యాలెండర్లు, డైరీల పనితో, పెళ్లిళ్ల కాలంలో శుభలేఖలతో ప్రెస్సులు తీరిక లేకుండా ఉంటాయి, అప్పుడు పనులన్నీ నాలుగు రోజుల ముందే మొదలుపెట్టండి. నెలనెలా కుదరదనిపిస్తే రెండు నెలలకోసారి అని ముందే చెప్పండి. ఎనిమిది పేజీలకు సరిపడా విషయం లేని నెల నాలుగు పేజీలే వేయండి, నింపడానికి సూక్తులు తేకండి. నాలుగు పేజీలతో తేదీకి వచ్చిన పత్రికను నమ్ముతారు.

పంచడం పిల్లలకు అప్పగించండి. బ్లాకుకు ఇద్దరు, ఆదివారం ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య, తలుపు కొట్టి చేతికి ఇవ్వాలి. తలుపు కింద తోస్తే పిజ్జా కాగితాలతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. ఎవరైనా ‘మాది రాలేదు’ అని సాయంత్రం అడిగితే, పత్రిక కోసం ఎదురుచూసే ఇల్లు ఒకటి ఉందని రాసిపెట్టుకోండి. చదువుతున్నారా లేదా తెలుసుకోవడానికి ఇంకో మార్గం: ఏడో పేజీ కింద చిన్న అక్షరాల్లో ఒక పొడుపుకథ వేసి, జవాబు పంపినవాళ్లను లెక్కపెట్టండి. ఆ సంఖ్య నెలనెలా ఒక పుస్తకంలో రాయండి. తగ్గితే ఎనిమిది పేజీల్లో ఎక్కడో విసుగు పుట్టిందని అర్థం. ఏ వ్యాసం దగ్గర ఆపారని ఐదారుగురిని నేరుగా అడగండి, మొగమాటానికి ‘బాగుంది’ అంటే ఏది బాగుందని అడగండి.

డబ్బు

ప్రెస్సు ఖర్చును ఇళ్లతో భాగించి ఏడాది చందాగా ఒకేసారి తీసుకోవడం మేలు. నెలనెలా వసూలుకు తిరగడం సంపాదకుడి ఓపికను తినేస్తుంది. ప్రకటనలు ఏడు, ఎనిమిది పేజీల్లోనే, పావు పేజీ చొప్పున నాలుగుకు మించకుండా తీసుకోండి. కర్రీ పాయింటు, ట్యూషన్, టైలరు, డయాగ్నస్టిక్ సెంటరు లాంటి దగ్గరివాళ్లకు మీ 130 ఇళ్లు పెద్ద బేరమే. కాలనీలో ఇంటి నుంచి పచ్చళ్లు, బ్లౌజులు చేసి అమ్మేవాళ్లకు ఒక వరుస ప్రకటన ఉచితంగా ఇవ్వండి. డబ్బు తీసుకుని వ్యాసంలా రాసిపెట్టడం మాత్రం ఎన్నడూ వద్దు. ఫలానా డాక్టరు గురించి పొగడ్త అచ్చయిన నెల, ఆసుపత్రి ప్రకటన కూడా అదే సంచికలో ఉంటే చదివేవాళ్లు ఇట్టే కనిపెడతారు. ఆదాయం, ఖర్చు ఏడాదికోసారి రెండో పేజీలో పైసలతో సహా వేయండి.

చేతులు మారేటప్పుడు

సంపాదకుడికి రెండేళ్లు చాలు. మారబోయే మూడు నెలల ముందు నుంచి కొత్తవారి పేరు కూడా పత్రికలో పడాలి, చివరి సంచిక ఒకటి పూర్తిగా వాళ్ల చేతులమీదుగా రావాలి. అప్పగించవలసినవి ఒక సంచిలో పెట్టి ఇవ్వండి: ప్రతి సంచిక అచ్చు కాపీలు రెండు, పీడీఎఫ్‌లు, పేజీ నమూనా ఫైలు, వాడిన ఫాంట్లు, ఎవరు ఏ సంచికలో రాశారో తెలిపే పట్టిక, పొడుపుకథ జవాబుల లెక్క, డబ్బుల పుస్తకం, ప్రెస్సువాళ్ల నంబరు, ఇంకా జవాబు ఇవ్వవలసి ఉన్న ఉత్తరాలు. ఏడాది సంచికలన్నీ కలిపి బైండు చేయించిన ఒక ప్రతి అసోసియేషన్ ఆఫీసులో అందరికీ అందేచోట ఉండాలి. పాత పత్రికలు పాఠకులతో ఎలా మాట్లాడాయో చూడాలనుకునే కొత్త సంపాదకులు 1901లో పుట్టిన సుల్తాన్‌బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయానికి ఒకరోజు వెళ్లి రావచ్చు. సంచిలోని ఉత్తరాలకు మాత్రం తమ మొదటి సంచికలోనే జవాబు వేయాలి, ఏ తేదీన వచ్చిన ఉత్తరమో కూడా రాసి.